పలుచని కోత

పిడికెడు ఎర్రరాయి. చేతిలోకి తీసుకుంటే
బొరుగుల పొట్లమంత బరువు.
సంచి మీద చీటీ: మూడో బిలం, తూర్పు అంచు.

అక్కడ నేల రెండుగా చీలుతోందట,
ఏడాదికో బియ్యపు గింజ పొడుగున.
చీలిక వెంబడి బూడిద గుట్టలు,
నెత్తిన నోళ్ళు తెరుచుకుని.
ఫోన్‌లో ఫోటో చూపించి వైజయంతి మేడమ్ అంది:
"అట్టుకి పడ్డ కన్నాల్లా లేవూ?"
నాకు మా వీధిలో మెట్రో వాళ్ళు
తవ్వి వదిలేసిన గుంతలు గుర్తొచ్చాయి.

మల్లేశ్వరం, మూడో అంతస్తు, బయట వాన.
ఇరవై ఆరేళ్ళుగా నా పని ఇదే:
వెలుతురు దూరేదాకా రాతిని అరగదీయడం.
లాల్‌బాగ్ బండనీ కోశానొకసారి.
మూడు వందల కోట్ల ఏళ్ళ ముసలిది,
నిప్పు ఊసే ఎత్తలేదు.

ఇది వేరు.
రంపం ఆనీ ఆనగానే
బుడగొకటి తెగింది.
కొండ ఆ పూట విడవబోయి
లోపలే దాచుకున్న ఊపిరి,
డీజిల్‌లో, సంపెంగలో, తడిగోడ వాసనలో
కలిసిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది.

పీల్చానో లేదో తెలీదు.
ఫోన్ వెలుగులో రిజిస్టర్ తీసి రాశాను:
మందం సరిపోయింది.
కన్నాలు, లెక్క తేలలేదు.