పిల్లర్ నంబర్ నలభై ఏడు కింద

రోడ్డు మూస్తున్నమని మా పోస్టాఫీసుకు
ఎవ్వరు ఉత్తరం రాయలె.
పొద్దుగాల స్కూటీ మీద గంజు మలుపు తిరిగేసరికి
నీలిరేకులు అడ్డం నిలవడ్డయి.
రేకుల మీద పెద్దక్షరాలు:
‘నేటి అసౌకర్యం రేపటి సౌకర్యం.’
రేపు సరే.
నా సంచిల ఉన్నయన్ని ఇయ్యాళ్టివి.

వామన్‌రావు సారు అద్దాలు నుదుటి మీదికి నెట్టి
"చుట్టు తిరిగి పో సుగుణా" అన్నడు.
చుట్టు అంటే చంచల్‌గూడ జైలు గోడ,
పట్టాల కింద నీళ్లు నిలిచిన కమాను,
మళ్ల వెనుక సందుల నుంచి మూడు కిలోమీటర్లు,
కంటికి కనవడే ఇంటికి!
అవుతల గడప మీద ఖుర్షీదమ్మ చెయ్యూపుతనే ఉన్నది.
నడుమ పద్దెనిమిది అడుగుల గుంత,
దాంట్ల పగిలిన పైపు,
పైపుల నుంచి ఎవరింటికో పోవాల్సిన నీళ్లు.

ఇండ్ల మొకాలు చెక్కేసిన్రు.
గోడ పోయింది, గోడతోటి నంబరు పోయింది,
లోపలి అర్ర పచ్చరంగు, పటం ఊడిన మేకు, సబ్బుగూడు
సిగ్గు లేకుంట బజార్ల నిలవడ్డయి.
కవరు మీద మాత్రం 16-8-231/బి/4
చెక్కు చెదరలె.
దర్జీ మొగులయ్య కట్టె పాతి
బట్ట గీసే సుద్దతోటి నంబరు రాసి పెట్టిండు.
వాన పడ్డప్పుడల్ల మళ్ల దిద్దుతడు.

ఆయనకే రిజిస్టర్ పోస్టు:
మీ స్థలం తీసుకోబోతున్నం,
అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్ల చెప్పుకోండి.
సగమే మిగిలిన గడపల నిలవడి సంతకం పెట్టిండు.
"నేను జవాబు రాస్తే తీస్కపోతవా అక్కా?"
"తీస్కపోత."
"ఏ తొవ్వల?"
నేను రసీదు చింపి ఇచ్చిన.

హాల్‌టికెట్లు, కోర్టు కాయితాలు, ఏటీఎం కార్డులు
పాలకవర్లల చుట్టి ఛాతికి కట్టుకుంట.
పాత క్యాలెండర్ వెనుక పటం గీసుకున్న:
ఎక్కడ రేకు వంగింది, ఎక్కడ కంకర మెట్లయింది,
ఏ గుంత ఏ కుక్కది.
మూడు రోజులకే పనికిరాకుంట అయితది.
మా సారు పెద్దాఫీసుకు మూడుసార్లు రాసిండు:
మూసే ముందు మాకు చెప్పుండ్రి,
మనిషి పట్టేంత సందు ఇడువుండ్రి.
ఆ ఉత్తరాలు గూడ నేనే మోసిన.
మూడోది తిరిగొచ్చింది,
‘ఈ విభాగం ఇక్కడ లేదు’ అని ఎర్రసిరాతోటి.

శుక్రవారం ఒక స్పీడ్‌పోస్టు దిగింది.
సుదామ్ బెహెరా, జేసీబీ ఆపరేటర్,
పిల్లర్ నంబర్ నలభై ఏడు కింద,
పాత మలక్‌పేట.
ఇరవై రెండేండ్ల నౌకరిల ఇసొంటి అడ్రసు చూడలె.
నలభై ఆరు ఉన్నది, నలభై ఎనిమిది ఉన్నది,
నలభై ఏడు ఇంక ఇనుపచువ్వల మోపే.
ఇంజన్ బందు చేసి దిగిండు.
చేతులు ప్యాంటుకు తుడుసుకొని, మళ్ల తుడుసుకొని
అందుకున్నడు.
బిడ్డ బడి ఫొటో. వెనుక గుండ్రటి ఒడియా రాత.
"యహా భీ ఆతా క్యా?" అన్నడు.
"నువ్వు తవ్వకుంటే ఇంక జల్ది వస్తుండె" అన్న.
ఎంత సమజైందో ఏమో.

శనివారం గుంత మీద ఇనుప పలక ఉన్నది,
రెండు దిక్కుల ఇసుక సంచులు.
ఎవ్వరు పర్మిషన్ ఇచ్చిన్రో, ఏ ఫైలుల లేదు.
అడుగు పెడితే కొంచెం ఊగింది.
ఖుర్షీదమ్మ మందుల పార్సిల్ గుంజుకొని
"నిన్న రావాల్సింది" అని గులిగింది.

ఇంజనీరు చూస్తే పలక తీపిస్తడు.
సుదామ్ పై వారం ఇంకో దిక్కుకు పోతడట,
ఏ పిల్లరో ఇంక చెప్పలేదట.
అడ్రసు మార్పు ఫారం ఇచ్చి నింపుమన్న.
‘కొత్త చిరునామా’ గడి కాడ పెన్ను ఆగింది.
ఇద్దరం పలక మీద అట్లనే నిలవడ్డం,
కింద నీళ్లు పోతనే ఉన్నయి.