ఇంకా రాని తేదీ

ఫిబ్రవరి ముప్ఫై కొట్టి చూశాను, ఒప్పుకోలేదు.
పదమూడో నెల కొట్టాను.
తేదీ గడిలో మా మేనేజర్ పేరు కొట్టాను,
ఎర్రంచు కట్టుకుని అడ్డం నిలబడింది.
రేపటి తేదీ ఇస్తే
"ఈ తేదీ ఇంకా రాలేదు" అన్నది.
ఆ వాక్యం నేనే రాశాను,
నయీంనగర్‌లో, రెండో అంతస్తులో,
మధ్యాహ్నం చాయ్ తాగుతూ.

రాత్రి పన్నెండూ నలభైకి ఓదెలు ఫోన్,
ఎనుమాముల మార్కెట్ గేటు నుంచి.
"సార్, మీ గడి ఇయ్యాలను ఒప్పుకుంటలేదు.
మిర్చి బండ్లు నర్సంపేట రోడ్డు పొడుగునా ఆగినయ్."

గేటు కనబడకముందే తుమ్ములు మొదలు.
ట్రాలీ మీద బస్తాలు, బస్తాల మీద బానోత్ సోమ్లి,
చెవులకు తువ్వాల చుట్టుకుని.
ఆమె ఫోన్‌లో తారీఖు మారింది.
గోడ గడియారంలో మారింది.
ఓదెలు చింపిన క్యాలెండర్ కాగితం
కుర్చీ కింద పడి ఉంది.
నా గడి ఒక్కటే,
"ఈ తేదీ ఇంకా రాలేదు."

"వచ్చింది కద సారూ," అన్నది సోమ్లి,
"నేను ఈడ్నే కూసున్న. కండ్లార చూసిన."

ల్యాప్‌టాప్ కాంటా మీద పెట్టి వెతికాను.
కాంటా దాని బరువు చూపించింది.
సర్వర్ గడియారం మనది కాదు,
సముద్రాల అవతలి టైము,
ఐదున్నర గంటలు వెనక.
అక్కడ నిన్నకు ఇంకా దీపాలు పెట్టే వేళ.
నేను పరీక్షించిందంతా పగలు,
రెండు గడియారాలూ ఒకే తేదీలో ఉన్నప్పుడు.

"మరి పది దినాల సంది ఎట్ల నడిపినవ్ ఓదెలూ?"
"నిన్నటిది ఏసిన సార్. తీస్కున్నది.
పచ్చ టిక్కు గుడ పెట్టింది."

నిన్నటి చీటీ ఉన్న బస్తాలను
పొద్దున జెండా పాట దగ్గర పక్కకు జరిపారట,
నిన్న వచ్చినోళ్లు నిన్ననే అమ్ముకోవాలె గదా అని.
ఎన్ని బండ్లో అతను లెక్కపెట్టలేదు.
నా లెక్కన ఆ చీటీల్లో ఒక్క తప్పూ లేదు.

ఒక్క వరుస మార్చాను.
చేతికంటిన ఘాటు కంట్లో పడి
ఆ ఒక్కటీ రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది.
గడి ఇయ్యాలను తీసుకుంది.
ట్రాలీ కదిలింది. సోమ్లి వెనక్కి చూడలేదు.

తర్వాతి బండికి చెయ్యి ఊపుతూ ఓదెలు అడిగాడు:
"గా పది దినాలయి ఎట్ల దిద్దుదాం సార్?"

దాటిపోయిన తేదీని దిద్దరాదని
ఇంకో రూలుంది.
అదీ నేనే రాశాను,
అదే మధ్యాహ్నం, చాయ్ అయిపోయాక.