లేవు

నక్కలగుట్టల రెండో అంతస్తు ఆఫీసు.
ఫ్యాను గాలికి కాయితాలు లేస్తున్నయని
నా కారబీనరు తీసి బరువు పెట్టిండు నరహరి సారు.
అది ఏమిటిదని మాత్రం అడగలే.

వ్యాపార స్వభావం?
పాండవుల గుట్టల మీద
మందిని తాడు కట్టి ఎక్కిస్త, పదిలంగ దించుత.
అంత పొడుగు ఆ గడిల పట్టదట.
'పర్యాటకం' అని రాసుకున్నడు.

ఆస్తులు?
ఆరు తాళ్లు, పదకొండు హెల్మెట్లు,
నాలుగు టెంట్లు, ఒకదాన్ని ఎలుక కొరికింది,
కిస్తీలు తీరని బొలేరో.
బొలేరో అనంగనే ఆయన కలానికి హుషారొచ్చింది.

పనోళ్లు?
ఒక్కడే. ఇర్ప లాలయ్య.
పుట్టిన తేదీ?
మోరంచ వాగు ఊర్లకొచ్చిన ఏడని వాళ్లమ్మ చెప్పేది.
మొన్నటిది కాదు సార్, అంతకు ముందుది.
ఆధార్ల జనవరి ఒకటి.
వాళ్ల గూడెంల సగం మంది జనవరి ఒకటినే పుట్టిండ్రు.
సారు నవ్వలే. గడికి సరిపోయింది.

నాకొక అనుమానం సార్,
తేనెటీగలు దేని కిందికొస్తయి?
పెద్దరాయి కడుపు కింద చాటలంత తెట్టెలుంటయి.
దైవికమా, జంతువు దాడా, నా నిర్లక్ష్యమా?
ఆయన పుస్తకం తిరగేసిండు.
భూకంపం ఉంది. అల్లర్లున్నయి.
యుద్ధం ఉంది, అణుబాంబు గూడ ఉంది.
ఈగ లేదు.

గడిచిన మూడేండ్లల్ల క్లెయిములు?
లేవు.
రెండే అక్షరాలు. గీత కొట్టి కిందికి జరిగిండు.

నా మనసు జరగలే.
మాఘమాసంల ఒక పొద్దు,
కరీంనగర్ బస్సు దిగిన నలభై ఇద్దరు పోరగాళ్లు
హెల్మెట్లకు కొట్లాడుతుంటే
లాలయ్య రాయి ముంగట నిలబడి చెవి ఒగ్గి
"ఇయ్యాల వద్దక్కా" అన్నడు.
ఎందుకురా అంటే
"వాటి సప్పుడు బాగలేదు."
పైసలు వాపసిచ్చిన. ఇడ్లీల బాకీ మీద వడ్డది.
వెంబడొచ్చిన లెక్చరరు
ఈగలకు భయపడేటోళ్లకు బోర్డెందుకన్నడు.
ఆ పొద్దు ఏమీ కాలే.
ఏమీ కాకపోవుడు ఎంత మందికి ఎంత కాలేదో
ఏ ఆఫీసుల రాసుకుంటరు?

అంతకు ముందేడు
మడమ విరిగిన పిల్లను వీపున మోసుకొని
రెండు మైళ్లు రోడ్డు దాక నడిచిండు లాలయ్య.
ఆపరేషన్ బిల్లు కట్టిన తర్వాత
ఆరు టెంట్లు నాలుగైనయి.
అది క్లెయిము కాదు సార్,
అప్పటికి పాలసీనే లేదు.

సారు లెక్క కట్టి, కాలిక్యులేటరు నా దిక్కు తిప్పిండు.
"ఎక్కేటోళ్లకు ఇది. మీ పనోడికి వేరే పడతది మేడం.
రోజుకూలే కదా, తీసేద్దామా? మస్తు తగ్గుతది."
కాయితాల మీది కారబీనరు చేతిలకు తీసుకున్న.
గాలికి నాలుగు కాయితాలు లేచి
బీరువా కిందికి పోయినయి.
"తాడుకు రెండు కొసలుంటయి సార్.
బొలేరోకు తగ్గించుండ్రి. థర్డ్ పార్టీ చాలు."

పొద్దూకే యాళ్లకు గుట్ట కాడికి చేరిన.
పాలసీని ప్లాస్టిక్ కవర్ల పెట్టి చూపిస్తే
లాలయ్య అటు తిప్పి ఇటు తిప్పి,
తన పేరు దగ్గర వేలు పెట్టి ఆగిండు.
"ఇగ తాడు తెగదా అక్కా?"
తెగుతది.
"ఈగలు లేవవా?"
లేస్తయి.
"మరి?"
తెగినంక పైసలిస్తరు.
ఆయనకది మంచిగనే అనిపించినట్టుంది,
తల ఊపి కవరు నాకిచ్చిండు.

తర్వాత తాడు చుట్ట విప్పి కూసున్నడు.
కండ్లు మూసుకొని, మూర తర్వాత మూర
బొటనవేలి కింది నుంచి జారిస్తున్నడు.
నేను పొయ్యి మీద చాయ పెట్టిన.
పద్దెనిమిదో మూర కాడ చెయ్యి ఆగింది.
మళ్లొకసారి ఎనుకకు, ముందుకు.
అక్కడ లోపల ఏదో మెత్తబడ్డది.

"కత్తి ఇయ్యక్కా" అన్నడు.