తాడుకు కట్టిన చెంచా

గుణుపురం దాటాక బియ్యం మిల్లు. కాటా గది.
రాత్రి పదకొండున్నర.
తెర మీద కిటికీ మళ్లీ బిగుసుకుపోయింది.
మౌసు కదులుతోంది, బొత్తాం పలకడం లేదు.

తప్పెక్కడో తెలుసు. తెలిసి మూడు రోజులైంది.
తెరను నడిపే లూప్ ఒకటి,
నొక్కేవాళ్ల కోసం గుమ్మంలో కూర్చుంటుంది.
కాటా కంపెనీ ఇచ్చిన లూప్ ఇంకొకటి, విప్పి చూడనివ్వరు,
బరువు కోసం అదే గుమ్మంలో కూర్చుంటుంది.
"నన్ను పిలు, ఇక అంతా నేను చూసుకుంటా" అంటాయి రెండూ.
పిలిస్తే వెళ్లినవి తిరిగి రావు.
ఒకదాని ఒళ్లో ఇంకొకటి ఇమడదు.

మొదట రెండోదాన్ని మధ్యమధ్య లేపి అడిగాను
సెకనుకు వందసార్లు.
వచ్చిందా? రాలేదు. వచ్చిందా? రాలేదు.
కంప్యూటరు పెట్టె మీద చెయ్యి వేస్తే చుర్రుమంది.
అడుగుకీ అడుగుకీ నడుమ సందులో
ఒక లారీ బరువు జారిపోయింది.
"నా ధాన్యం ఏట్లో పోసీసినావేటి?" అన్నారు తంగుడు జోగారావు గారు.

ఉదయనాథ్ గొమాంగొ టీ తెచ్చాడు.
ఇరవై ఏళ్లుగా కాటా మనిషి.
ఇంట్లో సవర, డ్రైవర్లతో ఒడియా, నాతో తెలుగు.
"ఇది రాకముందు ఎలా చేసేవారు?"
గోడవైపు గడ్డం ఎత్తాడు.

కిటికీ చువ్వ మీదుగా నైలాను తాడు,
కొసన వంగిన స్టీలు చెంచా,
దానికింద బోర్లించిన పాలడబ్బా.

"బండెక్కితే నాను లాగుతాను. టింగుమంటాది.
గుమస్తా రాస్తన్న అంకె ముగించుకొని లెగుస్తాడు.
నాను లోనికి రాను, ఆడు బైటికి రాడు."
"బరువెంతో తాడు చెబుతుందా?"
"తాడేటి సెప్తాది? లెగమంటాది, అంతే.
బరువు పలక మీద రాసుంటాది."

టీ చల్లారిపోయింది.
రెండు లూపుల్నీ విడదీశాను. ఎవరి థ్రెడ్ వాళ్లది, ఎవరి గుమ్మం వాళ్లది.
మధ్యన సన్నటి గొట్టం.
బరువు పడగానే అటునుంచి ఒక్క బైటు,
సున్నా, అర్థమేమీ లేని సున్నా.
ఇటుది లేస్తుంది, పలక చూస్తుంది, తెర మీద రాస్తుంది,
మళ్లీ కూర్చుంటుంది.

మూడున్నరకి పద్మపూర్ లారీ.
పద్దెనిమిది టన్నుల నాలుగొందల ఇరవై కేజీలు.
కిటికీ బిగుసుకోలేదు.
ఉదయనాథ్ చూశాడు, ఏమీ అనలేదు,
బీడీ కోసం జేబులు తడుముకున్నాడు.

మూసేటప్పుడు ఏది ముందు లేవాలో ఇంకా తేలలేదు.
తెర ఆపేస్తే
రెండోది చీకట్లో కూర్చునే ఉంటోంది
ఎవరూ ఎక్కని కాటా వైపు చూస్తూ.
రేపు చూడాలి.

తెల్లారగట్ల వంశధార మీంచి గాలి.
టింగుమంది చెంచా.
లేచి బయటికి వెళ్లాను.
కాటా ఖాళీ. మంచు తడి మీద కుక్క అడుగులు.

వెనక్కొచ్చి ఒక వరస చేర్చాను:
లేపినంత మాత్రాన ఎవరో వచ్చినట్టు కాదు,
లేచాక చూడు.