రే

ఓడ మరమ్మతుకి ఆగిన నాలుగు రోజుల్లో
సైకిలు అద్దెకి తీసుకుని
ఫ్రెంచి దీవొకటి చుట్టొచ్చాడట మా మరిది దాలయ్య.
దాని పేరు 'రే'.
ఎవర్నో కేకేసినట్టు.

"అక్కడా ఉప్పుమడులేనే ఒదినా,
మన నౌపడ లాగే గట్లు, మన లాగే ఎండ.
గాడిదలకి మాత్రం పంట్లాలు తొడుగుతార్ట,
దోమలు కుట్టకండా!"

మడిలో అందరం నవ్వాం.
తవిటమ్మ తన పాదాల పగుళ్లు చూసుకుని
ముందుగా ఆపేసింది.

చొక్కా జేబులోంచి పొట్లం తీశాడు.
బూడిదరంగు ఉప్పు, ఇంకా చెమ్మగా.
నాలిక్కి రాసుకుని
చాలాసేపు కళ్లు మూసుకున్నాను.

"ఎలగుందే?"

"మట్టి సరిగ్గా తియ్యలేదురా ఎవులో" అన్నాను.

పొట్లం మాత్రం
తిరిగివ్వలేదు,
రొంటిని దోపుకున్నాను.