భాగహారం

విప్ ఆఫీసులో గుమస్తాని.
తలలు లెక్కపెట్టడం నా పని,
మనుషుల్ని లెక్కచేయమని నాకెవరూ చెప్పలేదు.
స్పీకరు కుర్చీ పోను మాకు పద్దెనిమిది, వాళ్ళకి పదహారు.
పేర్లన్నీ పెన్సిల్‌తోనే రాస్తాను.
సిరాతో రాసిన పేరే ముందు జారిపోతుందని
హోబార్ట్‌లో పదమూడు చలికాలాలు నేర్పాయి.

జూన్ ఇరవై తొమ్మిది.
రేపు అర్ధరాత్రికి ఖజానా తలుపు దానంతటదే మూసుకుంటుంది.
పొద్దున్నే చెత్తబుట్ట ఖాళీ చేస్తూ పవిత్ర అడిగింది,
"ఒకటో తారీకు రావాలా, వద్దా?"
ఆ ప్రశ్నకి నా కాగితంలో గడి లేదు.

పడమటి తీరంలో, ఏడాదంతా వాన పడే గని ఊళ్ళో
ఎనిమిది మంచాల ప్రసూతి వార్డు.
బడ్జెట్ పుస్తకంలో అది నూట నలభయ్యో పేజీ,
కింద నుంచి మూడో వరస.
ఆ వరస కొట్టేస్తే లెక్క కుదురుతుందంది ఆర్థికమంత్రి వెరిటీ కోడ్.
ఆ వరస మా అమ్మాయి పుట్టిన చోటన్నాడు ఆల్విన్ బరిడ్జ్.
అంతే,
పార్టీ గదిలో ఒక్కటే ఉన్న టీ పాత్రకి
రెండు వైపులు పుట్టాయి.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని
కిటికీలు మూసి మరీ అరుచుకున్నారు.
గోడ అవతల ప్రతిపక్షం
వేడి చిప్స్ తెప్పించుకుని తింటోంది.
వెనిగర్ వాసన
తలుపు కింద నుంచి మా తగువులోకి వచ్చింది.

టామ్సిన్ ఓక్‌ఫర్డ్ పేరు మూడుసార్లు చెరిపాను.
గోడ మీద పిల్లి అన్నారామెని.
పిల్లి అయితే ఎటో ఒకవైపు దూకేది.
ఆమె గోడ మీదే కూర్చుని గోడ ఖరీదు అడిగింది.
సాయంత్రానికి ఒక కమిటీ, ఒక వంతెన.
కాగితం అక్కడ పల్చబడి
అవతల బల్ల కనిపించింది.

ఆల్విన్‌కీ నెవిల్ స్ట్రట్‌కీ పదకొండేళ్ళుగా ఒకటే కారు.
ఉల్వర్‌స్టన్ నుంచి మూడున్నర గంటలు,
క్యాంప్‌బెల్ టౌన్‌లో ఆగి చెరో పై తినడం,
డబ్బులెవరివన్నది ఒక్కటే వాళ్ళ మధ్య వాదన.
ఈ వారం రెండు కార్లలో వచ్చారు.
రెండూ అదే కొట్టు ముందు ఆగాయట.
ఒకాయన తినేదాకా రెండో ఆయన
స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడట.
చెప్పింది నెవిలే.
చెబుతూ నవ్వబోయి మానేశాడు.

ఓటింగుని ఇక్కడ డివిజన్ అంటారు.
గంట మోగింది.
మెట్ల మీద బూట్లు, నడవాలో దగ్గులు,
ఎవరిదో మఫ్లర్ నేల మీద.
పదిహేడు తలలు వచ్చాయి.
తలుపులు వేసేశారు.
పదిహేడు, పదహారు. బిల్లు గెలిచింది.
పద్దెనిమిదిని భాగించగా
శేషం ఒకటి.

శేషం కారు పార్కింగులో ఉంది.
లోపలి దీపం వేసుకుని, హీటరు ఫ్యాను పెట్టుకుని,
సభలో చదవని ఉపన్యాసం
మూడు గంటలుగా తనకి తనే చదువుకుంటోంది.
ఎదురు ఓటు వెయ్యడానికి పార్టీ అడ్డొచ్చింది,
వెయ్యడానికి కూతురు.

రాత్రి రెండుంబావు.
కొండ మీద మంచు, అద్దాల మీద మంచు.
ఆల్విన్ తాళం తిప్పితే
కారు ఒకసారి మూలిగి ఊరుకుంది.
నెవిల్ తన బండిని ముక్కుకి ముక్కు ఆనేంత దగ్గరగా తెచ్చాడు.
డిక్కీలోంచి వైర్లు తీశాడు.
ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి.
ఇద్దరూ బ్యాటరీలనే చూస్తూ నిలబడ్డారు.
కరెంటు అటు నుంచి ఇటు వెళ్ళింది.
మాట వెళ్ళలేదు.

రెండు కార్లూ ఉత్తరం దారి పట్టాయి, ఒకదాని వెనక ఒకటి.
ఆ వేళకి పైల కొట్టు తెరిచి ఉండదు.

నేను పైకొచ్చి కాగితం మడిచాను.
విప్ అనే మాటకి మా భాషలో ఒక ఉకారం తగిలిస్తే
ముడి విప్పమని అర్థం.
పదమూడేళ్ళలో బిగించడమే చేశాను.

పవిత్ర బల్ల మీద చీటీ రాసి పెట్టాను:
"రావాలి."
ఆ వార్డు తుడిచే మనిషికి
ఎవరు రాస్తారో తెలియదు.