పట్టుకునే చెయ్యి

మూడు నెలలు డిపోల పడున్నది ఆ గిటార్.
ఎవరో కాలేజి పిల్లగాడు
తార్నాకల దిగుతూ మా బస్సుల మరిచిండు,
మళ్ళ రాలే.
వేలంల ఆరు వందల యాభైకి నేనే పాడిన.
నా జన్మల నేను పాడిన మొదటి పాట అదే,
వేలం పాట.

ఇంటికి తెచ్చి చూస్తే అయిదు తీగలే ఉన్నయి.

మెట్టుగూడల, రైల్వే క్వార్టర్ల ఎనక సందుల
మెల్విన్ సార్ ఉంటడు,
లాలాగూడ వర్క్‌షాప్‌ల రిటైరైన ఫిట్టర్.
ఆరో తీగ ఆయనే కట్టిండు.
"ఏం పాట కావాలె మేడమ్?" అన్నడు.
పాట తర్వాత సార్,
ముందు పట్టుకునుడు నేర్పు అన్న.

కాగితం మీద ఆరు నిలువు గీతలు, అయిదు అడ్డం గీతలు,
నడుమ నల్ల చుక్కలు.
ముగ్గు లెక్కనే ఉన్నది గద సార్ అన్న.
"ముగ్గుల చుక్కలు కలుపుతరు,
ఇండ్ల ఒత్తుతరు. ఒత్తు."

ఈ మైనర్‌కు రెండే వేళ్ళు.
తలుపుకు గొళ్ళెం పెట్టినంత అల్కగ వస్తదన్నడు.
పెట్టిన.
కుడి చెయ్యి తీగల మీదికెళ్ళి దిగింది.
మా వంటింట్ల ట్యూబ్‌లైటు ఖరాబైనప్పటి లెక్క
జుయ్యిమన్నది.

తప్పు ఎడమ చెయ్యిది.
దానికేమెరుక, పాపం!
బువ్వ తిననియ్యలే, బొట్టు పెట్టనియ్యలే,
పెండ్లిల అక్షింతలు ముట్టనియ్యలే.
చిన్నప్పుడు దాంతోని చాక్లెట్ ఇయ్యబోతే
మా మేనత్త మొఖం తిప్పుకున్నది.
నలభై ఆరేండ్లు బకెట్లు మోసిన చెయ్యిని పిలిచి
ఇయ్యాల్ల పీటేసి కూసోబెట్టి
సన్న పనంత నువ్వే చెయ్యాలె బిడ్డా అంటే
బుగులు పడదా?

ఏ మైనర్‌ల ఉంగరపు వేలు పక్క తీగ మీద ఒరుగుతది,
ఆఖరి సీట్ల నిద్రపోయే మనిషి పక్కోని భుజం మీద ఒరిగినట్టు.
డి కాడ మూడు వేళ్ళు ఒక్క గదిల ఇరుక్కుంటయి.
ఎఫ్ గురించి అడగొద్దు.
చూపుడు వేలు ఆరు తీగల మీద బోర్ల పండుకోవాల్నట.
దానికి చూపెట్టుడే తెలుసు,
సాష్టాంగం తెలువదు.

కండ్లు కాయలు కాసినయంటరు ఎదురుచూసేటోళ్ళు.
నాకు వేళ్ళ కొసలు కాసినయి, నాలుగు.
వేడి రొట్టె ముట్టినా
ఆ కొసలకు ఇప్పుడు తెలుస్తలేదు.

ఒకనాడు సార్ మా బస్సెక్కిండు,
కండ్ల దవాఖానకు పోతున్నడు.
టికెట్ తీసుకోకుండ నా ఎడమ చెయ్యినే చూస్తున్నడు.
పొడుగ్గ మడిచిన పదులు ఒక సందుల,
ఇరవైలు ఇంకొక సందుల, యాభైలు చిటికెన వేలి పక్కన.
"అరే, సీ వస్తలేదంటివి!
పంతొమ్మిదేండ్ల సంది పట్టుకునే ఉన్నవ్ గద మేడమ్!
ఎడమ చెయ్యి పట్టుకుంటది,
కుడి చెయ్యి ఇస్తది.
గిటార్ అంటే గింతే."
బస్సంత ఇన్నది. నాకు సిగ్గయింది.

నిజానికి ఇప్పుడు నోట్లు తక్కువ.
ఆడోళ్ళకు జీరో టికెట్,
మొగోళ్ళ చేతులల్ల ఫోన్లు.
వేళ్ళ నడుమ సందులు ఖాళీ అయితున్నయి.
అందుకే పట్టినయేమో తీగలు.

జీ నుంచి సీ కు పోవాల్నంటే
ఇంకా మెట్టుగూడ నుంచి ఆలుగడ్డబావికి పోయినంత సేపు,
అదీ సిగ్నల్ పడితే.
డ్రైవర్ అంజిలప్ప రోజు అడుగుతడు,
"అక్కా, యాడిదాక వచ్చింది బండి?"

నిన్న ఒక పోరడు, నాలుగేండ్లుంటయి,
వాళ్ళ నాయన ఇచ్చిన ఇరవై నోటు
ఎడమ చెయ్యితోని నాకు చాపిండు.
నాయన ఠప్పున కొట్టిండు ఆ చెయ్యి మీద.
"మేడమ్‌కు గట్లనేనా ఇచ్చేది?"
నేను టికెట్ మిషన్ కుడి చెయ్యిలకు మార్చుకొని
ఎడమ చెయ్యి చాపిన.
పోరడు నోటు పెట్టి
నా వేళ్ళ కొసలు ఒత్తి చూసిండు.
"గట్టిగున్నయి," అన్నడు.

ఎఫ్ ఇంకా రాలే.